బ్రౌజర్‌లో ఓపెన్ అవుతోంది, యాప్‌లో అవ్వట్లేదు: సర్టిఫికెట్‌ని టెర్మినల్‌లోనే ఎందుకు చూడాలి

సైట్ బ్రౌజర్‌లో చక్కగా ఓపెన్ అవుతుంది. అదే సర్వర్‌తో మాట్లాడాల్సిన మొబైల్ యాప్ మాత్రం కనెక్షన్ సురక్షితం కాదంటూ మొండికేస్తుంది. యాప్ రాసినవాళ్లు సర్వర్ చూసేవాళ్లని అంటారు, సర్వర్ వాళ్లు బ్రౌజర్ స్క్రీన్‌షాట్ తీసి ‘మా దగ్గర బాగానే ఉంది కదా’ అని పంపిస్తారు, ఫోన్లు నడుస్తాయి, టెన్షన్ పెరుగుతుంది, సాయంత్రం అయినా తప్పు ఎక్కడుందో తేలదు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. బ్రౌజర్ తన దగ్గరున్న సరంజామాతో లోటు పూడ్చుకుని సైట్ చూపిస్తోంది, యాప్‌కి ఆ సరంజామా లేదు, అంతే తేడా. సర్టిఫికెట్ అంటే సర్వర్ తానెవరో చూపించుకునే డిజిటల్ గుర్తింపు కాగితం. దాని పేరుతో సర్వర్ అసలు ఏం పంపుతోందో ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

అది చూడాలంటే టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, ఒక్క కమాండ్ చాలు. సర్వర్‌లో ఫలానా ఫోల్డర్‌లో కొత్త సర్టిఫికెట్ ఫైల్ ఉందా లేదా అన్నది వేరే విషయం, కంట్రోల్ ప్యానెల్‌లో ఆకుపచ్చ టిక్ ఉందా అన్నదీ వేరే విషయం. బయటి నుంచి ముక్కూమొహం తెలియని కంప్యూటర్ ఒకటి వచ్చి తలుపు కొట్టినప్పుడు, ఆ క్షణంలో సర్వర్ దాని చేతిలో ఏ కాగితం పెడుతోందన్నదే లెక్కలోకి వస్తుంది.

దీనికి అందరూ వాడేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాం. లినక్స్‌లో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మ్యాక్‌లో అదే పేరుతో కనిపించేది నిజానికి లిబ్రెఎస్‌ఎస్‌ఎల్, 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డాక ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు వేరుచేసి నడుపుతున్న శాఖ, కాబట్టి కొన్ని ఆప్షన్లలో తేడాలు వస్తాయి. విండోస్‌లో గిట్ ఇన్‌స్టాల్ చేసుకుంటే దాంతోపాటే వస్తుంది. కంప్యూటరే అందుబాటులో లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వేసుకుని అందులోనూ నడపొచ్చు, బస్సులో వెళ్తూ సర్వర్ సంగతి చూడాల్సి వచ్చినవాళ్లకి ఇది పెద్ద దిక్కు. కింద కమాండ్లని పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాశాం, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీలూ హైఫన్లూ ఇక్కడున్నట్టే కొట్టాలి.

ఎకో | ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్_క్లయింట్ -కనెక్ట్ సైట్‌పేరు:443 -సర్వర్‌నేమ్ సైట్‌పేరు

ముందున్న ఎకో ఎందుకంటే, ఎస్_క్లయింట్ (ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో సర్వర్‌తో మాట్లాడే భాగం) కనెక్ట్ అయ్యాక మనమేదో టైప్ చేస్తామని కాచుకుని కూర్చుంటుంది. మొదటిసారి వాడినవాళ్లు కమాండ్ హ్యాంగ్ అయిందనుకుని విండో మూసేస్తారు. ఎకో ఒక ఖాళీ లైన్ పంపి మాట అక్కడితో ముగిసిందని చెప్తుంది, దాంతో అది బయటికి వచ్చేస్తుంది. 443 అనేది హెచ్‌టీటీపీఎస్, అంటే సురక్షిత వెబ్ కనెక్షన్లు, వచ్చే పోర్ట్ (సర్వర్‌కున్న తలుపు నంబర్). ఇక సర్వర్‌నేమ్ అన్న ముక్క చాలా ముఖ్యం, ఎందుకంటే ఒకే ఐపీ అడ్రస్ మీద వందల సైట్లు నడుస్తుంటాయి, ఏ సైట్ కోసం వచ్చామో ముందే చెప్పకపోతే సర్వర్ తన డిఫాల్ట్ సర్టిఫికెట్ చేతిలో పెడుతుంది. అది చూసి ‘మన సైట్‌కి ఇంకెవరిదో సర్టిఫికెట్ వచ్చింది’ అని కంగారుపడ్డవాళ్లు చాలామందే ఉంటారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 నుంచి, సైట్ పేరుతో కనెక్ట్ అయితే ఈ పేరు దానంతట అదే వెళ్తుంది. ఐపీ అడ్రస్ ఇచ్చి కనెక్ట్ అయితే మాత్రం వెళ్లదు, మనమే ఇవ్వాలి.

ఈ కమాండ్ కొడితే స్క్రీన్ నిండా అక్షరాలు వచ్చిపడతాయి. అంతా చదవక్కర్లేదు. సర్టిఫికెట్‌లోని విషయాలు మాత్రమే కావాలంటే దాని వెనక ఇంకో ముక్క తగిలించాలి:

| ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎక్స్509 -నోఅవుట్ -సబ్జెక్ట్ -ఇష్యూయర్ -డేట్స్

ఇప్పుడు నాలుగే లైన్లు వస్తాయి: ఎవరి పేరు మీద, ఎవరిచ్చారు, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు. దీన్ని సొంత సైట్ మీద ప్రయోగించే ముందు బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్.కామ్ అనే సైట్ మీద నడిపి చూడటం మంచిది. కావాలనే రకరకాలుగా తప్పు సర్టిఫికెట్లు పెట్టి, పరీక్షల కోసమే నడుపుతున్న సైట్ అది. అందులో ఎక్స్‌పైర్డ్.బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్.కామ్ మీద ఈ కమాండ్ నడిపితే, నాట్ఆఫ్టర్ (గడువు ముగిసే సమయం) అన్న చోట 2015 ఏప్రిల్ 12, 23:59:59 జీఎంటీ అని వస్తుంది. ఎస్_క్లయింట్ కూడా ఎర్రర్ నంబర్ 10 ఇస్తుంది, సర్టిఫికెట్ గడువు దాటిందని దానర్థం.

ఆ చివరున్న జీఎంటీ అన్న మూడక్షరాల దగ్గర కాసేపు ఆగాలి. ఏప్రిల్ 12 రాత్రి 23:59:59 జీఎంటీ అంటే మనకి ఏప్రిల్ 13 తెల్లవారుజామున 5:29:59. గడువు 12 అని క్యాలెండర్‌లో రాసుకున్నవాళ్లకి అయిదున్నర గంటలు కలిసొస్తాయి, అది అదృష్టం. కానీ గడువు టైము ఎప్పుడూ అర్ధరాత్రే ఉండాలని లేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి ఉచిత సర్టిఫికెట్ సంస్థలు ఇచ్చేవాటిలో అది రోజులో ఏ గంటైనా కావచ్చు. అక్కడ 03:10 అని ఉంటే మనకి పొద్దున 8:40, సరిగ్గా జనం సైట్ మీదకి రావడం మొదలయ్యే వేళ. అమెరికాలో కూర్చుని హైదరాబాద్ సర్వర్లు చూసే టీమ్‌లో ఒకరు డల్లాస్ టైము ప్రకారం, ఇంకొకరు మన టైము ప్రకారం తేదీ చెప్పుకుంటే ఒక రోజు తేడా ఇట్టే వచ్చేస్తుంది. మెసేజ్ పెట్టేటప్పుడు టెర్మినల్‌లో వచ్చిన లైన్‌ని ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి పంపడమే మేలు.

గడువు దాటిపోవడం చిన్న తప్పులా కనిపిస్తుంది కానీ దాని దెబ్బకి పెద్దపెద్దవాళ్లే పడిపోయారు. 2018 డిసెంబర్ 6న ఎరిక్సన్ వాళ్ల నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయ్యేసరికి బ్రిటన్‌లో ఓ2 నెట్‌వర్క్ మీద ఆధారపడ్డ మూడు కోట్ల మందికి పైగా మొబైల్ డేటా పోయింది, అదే రోజు జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ మొబైల్ నెట్‌వర్క్ కూడా దెబ్బతింది. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఆగిపోయింది కూడా ఇందుకే. అమెరికాలో జనం అప్పుల చరిత్ర దాచే ఈక్విఫాక్స్ సంస్థ కథ ఇంకా బాధాకరం. వాళ్ల నెట్‌వర్క్‌లో ట్రాఫిక్‌ని పరిశీలించే పరికరంలో సర్టిఫికెట్ నెలల తరబడి ఎక్స్‌పైర్ అయి పడివుంది, దాంతో దొంగలు డేటా తోడుకుపోతున్నా ఆ పరికరానికి ఏమీ కనపడలేదు. 2017 జులై చివర్లో సర్టిఫికెట్ మార్చగానే అనుమానాస్పద ట్రాఫిక్ బయటపడింది, అప్పటికే 14 కోట్ల మందికి పైగా జనం వివరాలు పోయాయి. ఇవన్నీ తేదీ చూసి ఉంటే ఆగేవి.

తేదీ సరిగ్గా ఉన్నంత మాత్రాన సర్టిఫికెట్ సరిగ్గా ఉన్నట్టు కాదు. చాలామంది బోల్తా పడేది పేరు దగ్గర. సబ్జెక్ట్ లైన్‌లో కనిపించే పేరు చూసి సరిపోయిందనుకుంటారు, కానీ బ్రౌజర్లు దాన్ని చూడటం ఎప్పుడో మానేశాయి, క్రోమ్ అయితే 2017లో వచ్చిన 58వ వెర్షన్ నుంచే. చూడాల్సింది సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ అనే జాబితా. ఎక్స్509 ముక్క చివర -ఎక్స్‌ట్ సబ్జెక్ట్ఆల్ట్‌నేమ్ అని పెడితే అది వస్తుంది (ఇంగ్లీషులో కొట్టేటప్పుడు ఆల్ట్‌లోని మొదటి అక్షరం, నేమ్‌లోని మొదటి అక్షరం మాత్రం పెద్దవి), పాత వెర్షన్లో ఆ ఆప్షన్ లేకపోతే -టెక్స్ట్ అని మొత్తం తీసుకుని అందులో వెతుక్కోవాలి. నక్షత్రం గుర్తుతో (*) మొదలయ్యే పేరు, అంటే వైల్డ్‌కార్డ్, ఒక్క మెట్టుకే పనిచేస్తుంది. *.ఉదాహరణ.కామ్ అని ఉంటే షాప్.ఉదాహరణ.కామ్‌కి సరిపోతుంది, టెస్ట్.షాప్.ఉదాహరణ.కామ్‌కి సరిపోదు, ఉత్త ఉదాహరణ.కామ్‌కి కూడా సరిపోదు.

ఇక్కడే ఎస్_క్లయింట్‌తో ఒక ప్రమాదం ఉంది, ఇది తెలియక దాన్ని గుడ్డిగా నమ్మేవాళ్లు చాలామంది. రాంగ్.హోస్ట్.బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్.కామ్ అని ఒక చిరునామా ఉంది. దాని సర్టిఫికెట్ *.బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్.కామ్‌కి ఇచ్చింది, రెండు మెట్ల పేరుకి అది చెల్లదు, బ్రౌజర్ వెంటనే ఎర్ర పేజీ చూపిస్తుంది. అదే చిరునామాకి ఎస్_క్లయింట్‌తో వెళ్తే, సర్టిఫికెట్ గడువులో ఉన్నంతకాలం, చివర్లో వెరిఫై రిటర్న్ కోడ్ 0, ఓకే అని వస్తుంది! ఎందుకంటే ఆ ప్రోగ్రాం తనంతట తాను పేరు సరిచూడదు. గొలుసు (సర్టిఫికెట్ వెనక ఎవరెవరి సంతకాలున్నాయన్న వరస) చూస్తుంది, తేదీ చూస్తుంది, పేరు మాత్రం మనం అడిగితేనే చూస్తుంది. అడగాలంటే -వెరిఫై_హోస్ట్‌నేమ్ అని పెట్టి పక్కన సైట్ పేరు ఇవ్వాలి, అప్పుడు ఎర్రర్ 62 వస్తుంది, హోస్ట్‌నేమ్ మిస్‌మ్యాచ్ అని. ఇంకో సంగతి, ఎర్రర్ వచ్చినా ఎస్_క్లయింట్ కనెక్షన్‌ని తెంపేయదు, ముందుకే వెళ్తుంది, ఎందుకంటే అది తప్పులు వెతికేవాళ్ల కోసం పుట్టిన పనిముట్టు. కాబట్టి ‘కనెక్టెడ్’ అని కనపడగానే అంతా బాగుందని లేచిపోకూడదు. తప్పుంటే ఆగిపోవాలనుకుంటే -వెరిఫై_రిటర్న్_ఎర్రర్ అని కూడా జతచేయాలి.

తెలుగు లిపిలో డొమైన్ పేర్లు పెట్టుకున్నవాళ్లకి పేరు దగ్గర ఇంకో చిక్కు. .భారత్ అనే చిరునామా తెలుగు అక్షరాల్లోనూ ఉంది, కానీ సర్టిఫికెట్ లోపల తెలుగు అక్షరాలు కనపడవు. ఎక్స్‌ఎన్ అన్న రెండక్షరాలు, రెండు హైఫన్లు, ఆ తర్వాత అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల వరస కనిపిస్తుంది. ఇది తప్పు కాదు, పేరుని ఆ రూపంలోకి మార్చే రాస్తారు. కమాండ్‌లో కూడా ఆ మార్చిన రూపమే ఇవ్వాలి.

మొదట్లో చెప్పిన గొడవ, అంటే బ్రౌజర్‌లో వచ్చి యాప్‌లో రాకపోవడం, ఎక్కువసార్లు తేలేది గొలుసు దగ్గర. మార్కుల మెమో జిరాక్స్ మీద గెజిటెడ్ ఆఫీసర్ చేత సంతకం పెట్టించుకుని ఉద్యోగాలకి అప్లై చేసిన రోజులు గుర్తు తెచ్చుకోండి. ఆ ఆఫీసర్ ఎవరో దరఖాస్తు తీసుకునే క్లర్క్‌కి తెలియదు. కానీ ఆ ఆఫీసర్‌ని నియమించిన ప్రభుత్వం తెలుసు. మెమోకి ఆఫీసర్ సంతకం, ఆఫీసర్‌కి ప్రభుత్వం ముద్ర, ఇలా నమ్మకం ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. సర్టిఫికెట్లలోనూ ఇంతే: సైట్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది ఇంటర్మీడియట్, దాని మీద సంతకం పెట్టేది రూట్. రూట్ మాత్రమే మన ఫోన్‌లో, కంప్యూటర్‌లో ముందే ఉంటుంది. ఇంటర్మీడియట్‌ని సర్వరే తన సర్టిఫికెట్‌తో కలిపి పంపాలి.

సర్వర్ దాన్ని పంపడం మర్చిపోతే? కంప్యూటర్‌లోని క్రోమ్ లాంటి బ్రౌజర్ చాలా మంచి క్లర్క్, సర్టిఫికెట్‌లోనే రాసి ఉన్న చిరునామాకి వెళ్లి ఆ ఇంటర్మీడియట్‌ని తనే తెచ్చుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ అయితే తెలిసిన ఇంటర్మీడియట్లన్నీ ముందే దగ్గర పెట్టుకుంటుంది. మామూలు ఆండ్రాయిడ్ యాప్, కర్ల్ (టెర్మినల్ నుంచి వెబ్ పేజీలు తెచ్చే పనిముట్టు), పైథాన్ ప్రోగ్రాం ఇవేవీ చేయవు, కాగితం తక్కువైందని తిప్పి పంపేస్తాయి. తిప్పి పంపినందుకు వాటిని తిట్టడం సరికాదు, తప్పు సర్వర్‌ది. ఎస్_క్లయింట్ కూడా కఠినమైన క్లర్కే కాబట్టి యాప్‌కి ఏం కనపడుతోందో మనకీ అదే కనపడుతుంది: ముందు ఎర్రర్ 20 (ఇచ్చినవాళ్ల సర్టిఫికెట్ దొరకలేదని), చివర్లో రిటర్న్ కోడ్ 21, మొదటి సర్టిఫికెట్‌ని సరిచూడలేకపోయానని.

నంబర్ కన్నా స్పష్టంగా చూడాలంటే అదే అవుట్‌పుట్‌లో ‘సర్టిఫికెట్ చైన్’ అన్న భాగం వెతకాలి. అక్కడ 0 అన్న అంకె పక్కన ఎస్, కింద ఐ అన్న అక్షరాలు ఉంటాయి. ఎస్ అంటే ఎవరిది, ఐ అంటే ఎవరిచ్చారు. 0లో ఐ దగ్గరున్న పేరు, 1లో ఎస్ దగ్గర అచ్చంగా కనిపించాలి. 1 అన్నదే లేకుండా 0తోనే ఆగిపోతే ఇంటర్మీడియట్ రాలేదన్నమాట. రూట్ లేకపోయినా పర్లేదు, అది అవతలివాళ్ల దగ్గర ఉండాల్సిందే. ఈ రెండు పేర్లు పక్కపక్కన పెట్టి చూడటం ఒక్కసారి అలవాటైతే, సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

ఇలా జరగడానికి మామూలు కారణం కూడా చాలా చిన్నది. సర్ట్‌బాట్ (సర్టిఫికెట్లు తెచ్చి, గడువుకి ముందే మార్చే ప్రోగ్రాం) సర్టిఫికెట్ తెచ్చినప్పుడు ఒకే ఫోల్డర్‌లో సర్ట్.పెమ్ అని ఒకటి, ఫుల్‌చైన్.పెమ్ అని ఇంకోటి పెడుతుంది. మొదటిదాంట్లో సైట్ సర్టిఫికెట్ ఒక్కటే ఉంటుంది, రెండోదాంట్లో ఇంటర్మీడియట్ కూడా ఉంటుంది. ఇంజిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాం సెట్టింగ్‌లో పేరు చూసి సర్ట్.పెమ్ ఇచ్చేస్తారు, బ్రౌజర్‌లో ఓపెన్ చేస్తారు, వస్తుంది, పని అయిపోయిందనుకుంటారు. నెల తర్వాత యాప్ రిలీజ్ రోజున గొడవ మొదలవుతుంది.

గొలుసులో తప్పు సర్వర్‌ది కాకుండా పోయే సందర్భమూ ఉంది. 2021 సెప్టెంబర్ 30న, మన టైములో రాత్రి ఏడున్నరకి, డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత రూట్ గడువు ముగిసింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు మొదట్లో దాని అండతోనే నడిచాయి. అప్పటికే వాళ్ల సొంత రూట్ ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1 చాలాచోట్ల చేరిపోయింది, అయినా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2 ఉన్న పాత సర్వర్లు కొత్త రూట్ తమ దగ్గరే ఉన్నా పాత గొలుసు వెంటే వెళ్లి, చివర్లో ఎక్స్‌పైర్ అయిన రూట్ చూసి ఆగిపోయాయి. సైట్ సర్టిఫికెట్ తాజాగా ఉంది, సర్వర్ సెట్టింగ్ సరిగ్గా ఉంది, అయినా కనెక్షన్ ఫెయిల్. అందుకే ఒక సైట్ మీద ఎర్రర్ రాగానే ఇంకో రెండు తెలిసిన సైట్ల మీద కూడా అదే కమాండ్ నడపాలి. అన్నిటికీ ఎర్రర్ 20 వస్తుంటే లోటు మన మెషీన్‌లోనే, నమ్మకమైన రూట్ల జాబితా లేకపోవడమో పాతబడటమో అయి ఉంటుంది. అన్నిటికీ గడువు దాటినట్టో, ఇంకా మొదలే కానట్టో వస్తుంటే ముందు మెషీన్‌లో గడియారం చూడాలి.

ఎవరిచ్చారన్న ఇష్యూయర్ లైన్‌ని చాలామంది పట్టించుకోరు, పట్టించుకోవాలి. ఇంట్లో చూస్తే ఒక పేరు, ఆఫీసు నెట్‌వర్క్‌లో చూస్తే ఇంకో పేరు వస్తోందంటే మధ్యలో ఆఫీసు ఫైర్‌వాల్ కూర్చుని ట్రాఫిక్ విప్పి చూసి, తన సొంత సర్టిఫికెట్ అంటించి పంపుతోందన్నమాట. కొన్ని యాంటీవైరస్‌లూ ఇదే చేస్తాయి. డెవలపర్ల ల్యాప్‌టాప్‌లలో ప్యాకేజీలు డౌన్‌లోడ్ కాకుండా ఎర్రర్ 19 (గొలుసు చివర తెలియని రూట్ ఉందని) వస్తుంటే చాలాసార్లు కారణం ఇదే.

ఈ లైన్ ఎంత పెద్ద విషయం బయటపెట్టగలదో మన దేశంలోనే జరిగింది. 2014 జులై 2న గూగుల్ తన డొమైన్లకి తనకి తెలియకుండా జారీ అయిన సర్టిఫికెట్లని గుర్తించింది. అవి జారీ అయింది నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ పేరు మీదున్న ఇంటర్మీడియట్ల నుంచి. వాటికి పైనున్నది భారత ప్రభుత్వ కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ రూట్. మర్నాడే ఆ ఇంటర్మీడియట్లని రద్దు చేశారు. ఆ రూట్ అప్పట్లో మైక్రోసాఫ్ట్ నమ్మే రూట్ల జాబితాలో ఉంది కాబట్టి విండోస్ వాడేవాళ్లకి ముప్పు ఏర్పడింది, ఫైర్‌ఫాక్స్‌కి సొంత జాబితా ఉంది కాబట్టి దానికి లేదు. తర్వాత క్రోమ్ ఆ రూట్‌ని గవ్.ఇన్, నిక్.ఇన్, ఏసీ.ఇన్ సహా ఏడు డొమైన్లకే పరిమితం చేసింది. ఒకే సర్టిఫికెట్ ఒక మెషీన్‌లో చెల్లి ఇంకో మెషీన్‌లో చెల్లకపోవడం వింతేమీ కాదు, ఎవరి జాబితా వాళ్లదే.

మరి సర్టిఫికెట్ అన్ని విధాలా సరిగ్గా ఉంటే సైట్ మంచిదేనా? కాదు, ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకి గట్టిగా చెప్పాలి. పేరు మీద హక్కు ఉందని చూపిస్తే చాలు, ఎవరికైనా ఉచితంగా సర్టిఫికెట్ వస్తుంది, బ్యాంకు పేరుని పోలిన పేరు కొనుక్కున్న మోసగాడికీ వస్తుంది. క్రోమ్ 2023 సెప్టెంబర్‌లో తాళం బొమ్మనే తీసేసింది, జనం దాన్ని చూసి సైట్ నమ్మదగినదనుకుంటున్నారని. బ్యాంకుల విషయంలో రిజర్వ్ బ్యాంక్ వేరే దారి పట్టింది: బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31లోగా .బ్యాంక్.ఇన్ చిరునామాలకి మారాలని చెప్పింది, ఆ పేర్లు ఇచ్చే పని హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఒక్కదానికే అప్పగించారు. పేరు ఎవరికి దక్కుతుందన్న కాపలా అక్కడ ఉంటుంది, సర్వర్ నిజంగా ఆ పేరుదేనా అన్నది సర్టిఫికెట్ చూపిస్తుంది. రెండూ కలిస్తేనే ప్రయోజనం.

మళ్లీ సర్వర్ల దగ్గరికి వద్దాం, ఎందుకంటే ‘రెన్యూ చేశాం, అయినా పాతదే వస్తోంది’ అన్నది రోజూ వినపడే ఫిర్యాదు. డిస్క్ మీద ఫైల్ మారితే సరిపోదు, ఇంజిన్ఎక్స్ స్టార్ట్ అయినప్పుడు చదివిన పాత సర్టిఫికెట్‌నే జ్ఞాపకంలో పెట్టుకుని పంపుతూ ఉంటుంది, రీలోడ్ చేస్తేనే కొత్తది చదువుతుంది. తేల్చుకోవడం తేలిక: ఎక్స్509కి -సీరియల్ అని ఇచ్చి, ఒకసారి డిస్క్ మీదున్న ఫైల్‌ని, ఒకసారి బయటి నుంచి వచ్చినదాన్ని చూడాలి. రెండు సీరియల్ నంబర్లు ఒకటే అయితే రీలోడ్ అయింది, వేరైతే కాలేదు.

లోడ్ బ్యాలెన్సర్ (వచ్చేవాళ్లని సర్వర్లకి పంచేది) వెనక నాలుగు సర్వర్లుండి, మూడింటిలో కొత్తది, ఒకదాంట్లో పాతది ఉంటే గొడవ ఇంకా విసిగిస్తుంది, నలుగురిలో ఒకరికే ఎర్రర్ వస్తుంది, రిఫ్రెష్ కొడితే పోతుంది. అప్పుడు -కనెక్ట్ దగ్గర ఒక్కో సర్వర్ ఐపీ, -సర్వర్‌నేమ్ దగ్గర సైట్ పేరు ఇచ్చి ఒక్కోదాన్నీ విడిగా అడగాలి. ఐపీవీ6, అంటే కొత్త రకం ఐపీ అడ్రస్‌ల సంగతీ మర్చిపోకూడదు. సైట్‌ని కొత్త సర్వర్‌కి మార్చినప్పుడు ఐపీవీ4 రికార్డు మార్చి, ఐపీవీ6 రికార్డు పాత సర్వర్‌కే వదిలేస్తారు. ఆఫీసులో ఐపీవీ4 మీద అంతా బాగుంటుంది, జియో ఫోన్లలోంచి వచ్చేవాళ్లు ఐపీవీ6 మీద వస్తారు, వాళ్లకి మాత్రం ఎక్స్‌పైర్ అయినది కనిపిస్తుంది. ఎస్_క్లయింట్‌కి -4 అనీ -6 అనీ విడివిడిగా ఇచ్చి చూస్తే దాపరికం ఉండదు. మెయిల్ సర్వర్లకైతే పోర్ట్ 587 ఇచ్చి -స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎస్‌ఎమ్‌టీపీ అని జతచేయాలి, మిగతా అంతా ఇదే.

తొందరగా చూడాలంటే కర్ల్ కూడా పనికొస్తుంది. -వీ పెట్టి సైట్ పేరిస్తే గడువు, పేరు సరిపోయిందా లేదా, ఎవరిచ్చారు అన్నీ కొన్ని లైన్లలో చెప్తుంది, పైగా పేరు కూడా తనే సరిచూస్తుంది, సర్టిఫికెట్ నచ్చకపోతే 60 అన్న కోడ్‌తో ఆగిపోతుంది. అలా ఆగిపోయినప్పుడు -కే అని పెట్టి దాటేయడం మాత్రం దయచేసి మానాలి. చూసిచూడనట్టు వెళ్లమని చెప్పడమే ఆ ఆప్షన్. ఒకసారి టెస్టింగ్ కోసం పెట్టింది స్క్రిప్ట్‌లో ఉండిపోతుంది, స్క్రిప్ట్ ప్రొడక్షన్‌కి వెళ్తుంది, తర్వాత మధ్యలో ఎవడు కూర్చుని ఏ పాస్‌వర్డ్ చదివినా ఎర్రర్ రాదు. పైథాన్‌లో వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్ రాసేవాళ్లు చేస్తున్నదీ ఇదే. గొలుసులో ఒక ఫైల్ మార్చే పనికి బద్ధకించి, జనం డేటాకున్న ఒక్క తలుపునీ తీసిపడేయడం అది.

ఇన్నాళ్లూ ఏడాదికోసారి చేత్తో కమాండ్ కొట్టి చూసుకుంటే సరిపోయేది. ఇక సరిపోదు. సర్టిఫికెట్ గడువుకి గరిష్ఠ పరిమితి 2018లో 825 రోజులు, 2020 సెప్టెంబర్ నుంచి 398. సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్లు, బ్రౌజర్లవాళ్లు కలిసి 2025 ఏప్రిల్‌లో తీసుకున్న నిర్ణయం ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. పైగా గడువు దగ్గరపడుతోందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ పంపే ఈమెయిళ్లు 2025 జూన్‌తో ఆగిపోయాయి. ఆ మెయిల్ వస్తే చూద్దామని కూర్చున్న చిన్న సంస్థలకి ఇప్పుడు గుర్తుచేసేవాళ్లు లేరు.

ఆ గుర్తుచేసే పనిని ఎక్స్509లోని -చెక్‌ఎండ్ ఆప్షన్ చేస్తుంది. దానికి సెకన్లలో లెక్క చెప్పాలి, 864000 అంటే పది రోజులు. అంతలోగా ఎక్స్‌పైర్ కాకపోతే ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె) 0, అయ్యేటట్టుంటే 1. కనెక్షనే కుదరకపోయినా 0 రాదు, అదీ మంచిదే, సర్వర్ పడిపోయిందని అయినా తెలుస్తుంది. దీన్ని క్రాన్‌లో (టైము ప్రకారం కమాండ్లు నడిపే ఏర్పాటు) రోజుకోసారి పెట్టి, 0 కాకపోతే ఫోన్‌కి మెసేజ్ వెళ్లేలా చేస్తే చాలు. నడపాల్సింది మాత్రం ఆ సర్వర్‌లో కాదు, బయట ఇంకో మెషీన్‌లో. సర్వర్ తనను తాను చూసుకుంటే డీఎన్‌ఎస్ (సైట్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చే వ్యవస్థ) తప్పులూ, లోడ్ బ్యాలెన్సర్ తప్పులూ దానికి కనపడవు.

పది రోజులే ఎందుకంటే, సర్ట్‌బాట్ 90 రోజుల సర్టిఫికెట్‌ని ఇంకా 30 రోజులుండగానే మార్చడానికి ప్రయత్నం మొదలుపెడుతుంది. హెచ్చరిక కూడా 30 రోజుల దగ్గరే పెడితే అన్నీ సరిగ్గా నడుస్తున్నప్పుడు కూడా ఒకటి రెండు రోజులు మోగుతుంది, అలా నాలుగుసార్లు ఊరికే మోగితే ఐదోసారి ఎవరూ చూడరు. 47 రోజుల సర్టిఫికెట్ అయితే దాదాపు 15 రోజులుండగా మారుతుంది, పది రోజుల దగ్గర హెచ్చరిక వచ్చిందంటే ఆటోమేటిక్ రెన్యువల్ ఇప్పటికే ఐదు రోజులుగా ఫెయిల్ అవుతోందని అర్థం, సరిచేసుకోవడానికి ఇంకా పది రోజులు చేతిలో ఉన్నాయి.